గజనీ కొలువులో కవిగారి కూలి

మా చదువుల రోజుల్లో ఎస్సెల్సీ రెండుమూడుసార్లు తప్పినవాణ్ణి ఊళ్ళో గజనీ మహమ్మదు అనేవాళ్ళు. మన దేశం మీదికి పదిహేడుసార్లు దండెత్తాడని చరిత్ర పుస్తకంలో ఉండేదిగా, అందుకని పరీక్ష మీద దండయాత్ర చేసేవాడికి ఆ బిరుదు. నవ్వకు. నీ లెక్కల పేపరు ముచ్చట నా దాకా రాలేదనుకున్నావా? అయినా ఆయన వచ్చినప్పుడల్లా కొల్లగొట్టి మూటలు కట్టుకుని వెళ్ళినవాడు. పరీక్ష పోగొట్టుకుని చేతులూపుకుంటూ వచ్చేవాడికి ఆయన పేరెందుకు పెట్టారో నాకు ఈ రోజుకీ అంతుబట్టదు.

ఆ కుంపటి కాస్త ఇటు జరుపు, చెబుతాను. దండయాత్రలూ, 1026 నాటి సోమనాథం కథా నీకు పుస్తకాల్లో దొరుకుతాయి. నేను చెప్పబోయేది ఆయన ఇంటి సంగతి. ఇక్కడ దోచిన సొమ్ము అక్కడ కొలువులో ఎవరి నోట్లో పోశాడో, ఎవరి నోరు కొట్టాడో, ఆ సంగతి. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా?

జాషువాగారి ‘ఫిరదౌసి’ చదివావా? లేదూ? సరేలే. 1932లో వచ్చిన కావ్యం అది. తెలుగువాళ్ళకు గజనీ కొలువు తెలిసింది చాలావరకు ఆ పుస్తకం పుణ్యమే. ఫిరదౌసి అనే కవికి మహమూదు పద్యానికో బంగారు నాణెం ఇస్తానని మాటిచ్చి, ముప్ఫై ఏళ్ళు రాయించుకుని, చివరికి వెండి చేతిలో పెట్టాడన్న కథ. ఆ కథకు వస్తాను, తొందరపడకు. ముందు అదే కొలువులో సుఖపడ్డవాళ్ళను చూడాలి. పక్క విస్తట్లో ఏం వడ్డించారో చూస్తేగాని మన విస్తట్లో ఏం తగ్గిందో తెలియదు.

మహమూదు 971లో పుట్టాడు, 998లో గద్దెనెక్కాడు, 1030లో పోయాడు. ఆయన చివరి రోజులకు మన రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడు రాజ్యానికి వచ్చాడు. అంటే నన్నయగారి కాలానికి కాస్త ముందువెనకల మనుషులే వీళ్ళంతా. మహమూదు తండ్రి సబుక్తగీన్ బానిసగా అమ్ముడుపోయి వచ్చిన తురుష్కుడు. ఇంట్లో మాట తుర్కీ, కొలువులో మాట పారసీకం. తాతలనాటి సింహాసనం కాదు కదా, అందుకని పాత రాజవంశాల దర్జా అంతా తన కొలువులోనూ కనిపించాలని పట్టు. పండితుడనేవాడు ఎక్కడున్నా గజనీకి రావలసిందే. రానంటే తెప్పిస్తాడు.

ఈ ముచ్చట్లు మనకు అందించిన పెద్దమనిషి పేరు నిజామీ. లైలా మజ్నూ రాసిన నిజామీ కాదు, సమర్ఖందు నిజామీ. ఈయన 1156 ప్రాంతంలో ‘చహార్ మఖాలా’ అని ఒక పుస్తకం రాశాడు. రాజన్నవాడికి నలుగురు లేనిదే జరగదని ఆయన సిద్ధాంతం: లేఖకుడు, కవి, జ్యోతిష్కుడు, వైద్యుడు. ఈయన స్వయంగా కవి, మీదుమిక్కిలి ఒక రాజుగారి ఉప్పు తింటున్నవాడు. కవులకు రాజులు ఎంతెంత ఇచ్చారో చెప్పేటప్పుడు ఆయన చెయ్యి కాస్త ధారాళంగానే ఉంటుంది. రాజుగారు వింటున్నారు కదా మరి! ఆ మాట మనసులో పెట్టుకుని విను.

ఫరూఖీ అని ఒకడు. సీస్తాన్ వాడు. పద్యం చెబుతాడు, చంగు వాయిస్తాడు, ఒక భూస్వామి దగ్గర జీతానికి ఉన్నాడు. ఏడాదికి రెండువందల కొలతల ధాన్యం, వంద వెండి దిర్హంలు. మన ఊళ్ళో పాలేళ్ళ జీతాలూ ఇలాగే ఉండేవి. ఏటికిన్ని బస్తాల ధాన్యం, ఒక దుప్పటి, ఒక చెప్పులజత, కామందు కాస్త ధారాళమైన చెయ్యి గలవాడైతే పొగాకు. ధాన్యం దగ్గర రాని తగువు చెప్పులజత దగ్గర వచ్చేది. చెప్పులు కొత్తవా, కామందు తొడిగి విడిచినవా అని పొద్దుగూకేదాకా అరుగు మీద బేరం తెగేది కాదు. ఆ చెప్పుల కథ ఇంకోనాడు. మన ఫరూఖీ దగ్గరికి వద్దాం.

ఒంటరిగా ఉన్నన్నాళ్ళు జీతం చాలింది. తరవాత పెళ్ళయింది. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గాని, పెళ్ళి చేసుకుని చూడు అనడం పెద్దలు మరిచిపోయారు. గంపలూ బుట్టలూ పెరిగాయి. ధాన్యం మూడువందల కొలతలకు, రొక్కం నూటయాభైకి పెంచితే ఎలాగో నెట్టుకొస్తానని అయ్యగారికి చీటీ రాశాడు. అడగనిదే అమ్మయినా పెట్టదుగా. అయ్యగారు ఆ చీటీనే తిరగేసి వెనకాల జవాబు రాసి పంపాడు: ఇప్పుడిస్తున్నదానికి లోటు రాదు, అంతకుమించి కుదరదు అని. కాగితం కూడా ఖర్చు పెట్టలేదు చూడు.

ఇక లాభం లేదని, కవుల్ని ఆదరించే ప్రభువు ఎవరని దారిన పోయేవాళ్ళనల్లా వాకబు చేశాడు. చగానియాన్ అమీరు అబుల్ ముజఫర్ అని చెప్పారు. ఇప్పటి ఉజ్బెకిస్తాన్ దక్షిణపు కొసన ఉండేది ఆ రాజ్యం. పద్యం చేత పట్టుకుని బిడారుతో నడిచాడు. తీరా చేరేసరికి అమీరు ఊళ్ళో లేడు. వసంతకాలం. గుర్రప్పిల్లలకు ముద్రలు కాల్చే పండగకని పచ్చికబయళ్ళకు వెళ్ళాడు. పద్దెనిమిది వేల ఆడ గుర్రాలట, ఒక్కొక్కదాని వెంట ఒక్కో పిల్లట. ఊళ్ళో ఉన్నది వ్యవహారాలు చూసే అమీద్ అసద్ ఒక్కడే. ఆయనా సరంజామా సర్దుకుని అక్కడికే బయలుదేరబోతున్నాడు.

ఫరూఖీ వెళ్ళి ఆయన ముందు పద్యం చదివాడు. అసద్ విన్నాడు, తల పైకెత్తి మనిషిని చూశాడు. ముందూ వెనకా చిరుగులుపడ్డ అంగీ, సీస్తాన్ వాళ్ళ పద్ధతిలో బండెడు తలపాగా, కాళ్ళకేమో చెప్పడానికి వీల్లేని జోళ్ళు. పద్యం చూస్తే ఏడో స్వర్గంలో ఉంది. ఈ పద్యం ఈ మనిషిది కాదు, ఎవరిదో ఎత్తుకొచ్చాడనుకున్నాడు. పరీక్ష పెడదామని, అమీరు ఉన్న ముద్రల పండగ ఎలా ఉంటుందో తనే వర్ణించి చెప్పాడు. పచ్చికలో డేరాలూ, డేరా డేరాకూ పాటలూ పానపాత్రలూ, నడుమ కొండంత మంట, ఒక చేత కప్పూ ఒక చేత వలతాడూ పట్టుకుని, పట్టిన గుర్రాన్నల్లా ఎవరికో ఒకరికి ఇచ్చేస్తున్న అమీరు. దీన్ని పద్యం కట్టుకురా, తీసుకెళతాను అన్నాడు. మన అవధానాల్లో పృచ్ఛకుడు వర్ణనాంశం ఇచ్చినట్టే అనుకో. కాకపోతే ఇక్కడ తప్పితే శాలువా పోదు, సంసారం పోతుంది.

రాత్రికి రాత్రి కట్టి, తెల్లారి వినిపించాడు. అసద్ తన పనులన్నీ పక్కన పడేసి, మనిషిని గుర్రం మీద ఎక్కించుకుని పొద్దుగూకేవేళకు అమీరు ముందు నిలబెట్టాడు. అమీరు కూడా కవిత్వం తెలిసినవాడు. పద్యం విని, తన్మయత్వంలో కొంతా మత్తులో కొంతా, ఒక వెయ్యి గుర్రప్పిల్లల్ని చూపించాడు. నుదుట తెలుపు, నాలుగు కాళ్ళకూ తెలుపు. నీవు సీస్తాన్ గడుసువాడివిగా, ఎన్ని పట్టుకోగలిగితే అన్నీ నీవే పో అన్నాడు.

ఇప్పుడు ఆ దృశ్యం ఒక్కసారి చూడు. కవిగారూ అప్పటికి బాగానే పుచ్చుకుని ఉన్నాడు. తలపాగా ఊడదీసి చేత పట్టుకుని గుర్రాల మందలో పడ్డాడు. అటు తరుముతాడు, ఇటు తరుముతాడు, ఒక్కటంటే ఒక్కటి చేతికి చిక్కదు. బయలు ఈ కొస నుంచి ఆ కొసకు పరుగు. చివరికి ఒక పాడుబడ్డ సత్రం కనిపిస్తే గుర్రప్పిల్లలు కొన్ని అందులోకి దూరాయి. కవిగారికి ఇక ఊపిరి లేదు. ఆ సత్రం గుమ్మంలోనే తలపాగా తలకింద పెట్టుకుని గుర్రుపెట్టాడు. రాజభటులు వచ్చి లెక్కపెడితే లోపల నలభైరెండు ఉన్నాయి. అమీరు పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, వీడు జాతకుడు, వీడు లేచేదాకా గుర్రప్పిల్లలు జాగ్రత్త అన్నాడట. లేచాక గుర్రాలతోపాటు డేరాలూ కంచరగాడిదలూ బట్టలూ తివాచీలూ ఇచ్చాడు. నడిచి వచ్చిన మనిషి మందీమార్బలంతో మహమూదు కొలువుకు వెళ్ళాడు. ఆ హంగు చూసి మహమూదూ అదే లెక్కన ఆదరించాడు. చిరుగుల అంగీతో వెళ్ళి ఉంటే ఏమయ్యేదో! కొన్నాళ్ళకు వెండి మొలనూళ్ళు కట్టిన ఇరవైమంది సేవకులు ఫరూఖీ గుర్రం వెనక స్వారీ చేసేవాళ్ళట. సీస్తాన్ కామందు ఆ చీటీ వెనక ఏం రాశాడో గుర్తుందిగా?

ఇక ఉన్సురీ. బల్ఖ్ వాడు. ఆ కొలువులో కవిరాజు ఆయనే. తరవాతి శతాబ్దంలో పుట్టిన ఖాకానీ అనే కవి కుళ్ళుకుంటూ రాశాడు, ఉన్సురీ వంటింట్లో పొయ్యి మీది ముక్కాలి వెండిదట, తినే పళ్ళేలు బంగారువట అని. అంత సంపాదన ఎలా వచ్చిందంటావా? ఒకరాత్రి సంగతి చెబుతాను, నువ్వే లెక్క తేల్చుకో.

మహమూదుకు అయాజ్ అనే బానిస మీద ప్రాణం. ఆ కుర్రవాడి జులపాలు అందమైనవి. ఒకరాత్రి విందులో తాగి ఆ జులపాల వంక చూస్తూ చూస్తూ, మనసు అదుపు తప్పేట్టుందని భయమేసి, కత్తి చేతికిచ్చి సగానికి కోసెయ్యమన్నాడు. అయాజ్ మారుమాట లేకుండా మడిచి కోసి కాళ్ళ దగ్గర పెట్టాడు. ఆ విధేయతకు మురిసి నగలిచ్చి పడుకున్నాడు సుల్తాను. తెల్లారి లేచి చూస్తే ఏముంది, జులపాలు లేవు. కూర్చుంటాడు, లేస్తాడు, మళ్ళీ కూర్చుంటాడు. పలకరించే దమ్ము ఒక్కడికి లేదు. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా? ఆఖరికి దర్బారు వ్యవహర్త అలీ ఖరీబ్ వెళ్ళి ఉన్సురీని బతిమాలి లోపలికి తోశాడు. ఉన్సురీ నమస్కారం చేసి, అక్కడికక్కడ నాలుగు పాదాలు అల్లాడు. కత్తిరింపుతో అందం ఇనుమడించిందే గాని తరగలేదనీ, ఇది ఏడ్చే వేళ కాదు, పండగ చేసుకునే వేళ అనీ భావం. మహమూదు ముఖం విప్పారింది. రత్నాలు తెప్పించి ఉన్సురీ నోరు మూడుసార్లు నింపించాడట! మూడుసార్లు! నోట్లో రత్నాలు పోస్తే మనిషికి ఊపిరెలా ఆడుతుందో ఆ కొలువులో ఎవరూ ఆలోచించినట్టు లేదు. కవిగారు మాత్రం నోరు మూసుకున్నాడని నేననుకోను.

నాలుగు పాదాలకు మూడు నోళ్ళ రత్నాలు. నేరుగా చెబుతున్నాను, ఆ కూలి పద్యానికి కాదు, వేళ చూసి పలికినందుకు.

మహమూదుకూ ఆ సంగతి తెలుసు. అల్ బిరూనీ పేరు విన్నావుగా, మన దేశం గురించి అంత పెద్ద గ్రంథం రాసిన మహాపండితుడు. ఆయన్నొకసారి మేడ మీద కూర్చోబెట్టి, ఈ గదికి నాలుగు తలుపులున్నాయి, నేను ఏ తలుపున బయటికి పోతానో లెక్కగట్టి చీటీ రాయి అన్నాడు సుల్తాను. బిరూనీ రాసి పరుపు కింద పెట్టాడు. మహమూదు పలుగూ పారా తెప్పించి, తూర్పు గోడకు కన్నం కొట్టించి అందులోంచి బయటికెళ్ళాడు. గడుసుతనమంటే అదీ! తీరా చీటీ చూస్తే, నాలుగు తలుపులూ కాదు, తూర్పు గోడకు అయిదోది తవ్వించి పోతాడని ఉంది. మెచ్చుకోవాలా? మండిపడి మేడ మీంచి తోయించాడు. కింద వల ఏదో అడ్డుపడి ప్రాణం దక్కింది గాని, ఆరునెలలు చెరలో పెట్టాడు. తరవాత మంత్రి మైమందీ సమయం చూసి ఒక మాట వేస్తే, విడిపించి గుర్రమూ, వెయ్యి దీనారాలూ ఇచ్చాడు. అప్పుడు మహమూదే అన్నాడట, రాజులు చిన్నపిల్లల్లాంటివాళ్ళు, వాళ్ళ మనసుకు నచ్చేట్టు మాట్లాడితేనే ఏదన్నా దక్కుతుంది అని. తన సంగతి తనకు అంత బాగా తెలిసిన రాజును నేను ఇంకెక్కడా వినలేదు.

ఇప్పుడు ఫిరదౌసి. ఈయన పిల్లల్ని బుజ్జగించే రకం కాదు. తూస్ పట్నం దగ్గర బాజ్ అనే ఊళ్ళో కాస్త భూమి గల పెద్దరైతు. ఇరాన్ పాత రాజుల కథంతా పద్యాల్లో పెట్టాలని పూనుకుని పాతికేళ్ళకు పైగా కూర్చున్నాడు. 1010లో ముగించాడు. దాదాపు యాభైవేల ద్విపదలు, జనం నోట అరవై వేలు. మొదలుపెట్టినప్పుడు ఏలుతున్నది సామానీలు, ముగించేసరికి వాళ్ళు పోయి మహమూదు వచ్చాడు. పెరట్లో పందిరి వేసి ఏళ్ళ తరబడి కూర్చునేవాడికి ఇదే ఇబ్బంది, వాకిట్లో ప్రభువులు మారిపోతుంటారు. ఆ ఊళ్ళో పన్నులు చూసే హుసేన్ ఖుతైబా అనే ఉద్యోగి ఈయన పొలానికి శిస్తు మాఫీ చేశాడని నిజామీ చెబుతాడు. సుల్తానుల కన్నా ఆ శిస్తు గుమాస్తా పేరే నాకు ముందు గుర్తొస్తుంది. ఇంత శ్రమా దేనికంటే, ఉన్న ఒక్క కూతురికీ కట్నం సమకూరుతుందని. ఆడపిల్ల తండ్రి ఏ దేశంలోనైనా ఆడపిల్ల తండ్రే.

ఏడు సంపుటాలూ మోసుకుని గజనీ వెళ్ళాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, పక్కనున్నవాళ్ళు అడ్డం పడ్డారు. ఆయన షియా, మన మతం వాడు కాదు, యాభైవేల దిర్హంలిస్తే అదే ఎక్కువ అన్నారు. ఆఖరికి చేతికందినవి ఇరవై వేల వెండి దిర్హంలు. ఫిరదౌసికి ఒళ్ళు మండింది. స్నానశాలకు వెళ్ళి స్నానం చేసి, బయటికొచ్చి ఒక పాత్ర యవల పానీయం తాగి, ఆ మొత్తాన్నీ స్నానశాలవాడికీ పానీయం అమ్మేవాడికీ పంచేసి లేచాడు.

ఇరవై వేలంటే ఏపాటి సొమ్మో తెలుసా? ఫరూఖీకి సీస్తాన్లో ఏడాదికి రొక్కం వంద. అంటే రెండువందల ఏళ్ళ జీతం! ధాన్యం తీసెయ్యి, రొక్కం మాటే. దాన్ని ఒక స్నానానికీ ఒక గుక్కకూ ధర కింద పారేశాడు. తక్కువని కాదు నాయనా, వెండి అని. పక్క విస్తరి సంగతి అందుకే ముందు చెప్పాను. నాలుగు పాదాలకు నోటినిండా రత్నాలు పోసిన చెయ్యి అరవై వేల ద్విపదలకు వెండి చిలకరించింది.

అంత పని చేశాక గజనీలో తెల్లారనిస్తారా? రాత్రికి రాత్రి పారిపోయి, హిరాత్‌లో ఇస్మాయిల్ అనే పుస్తకాల వ్యాపారి అంగట్లో ఆరునెలలు దాక్కున్నాడు. వెతకవచ్చిన భటులు తూస్ దాకా పోయి ఉత్తచేతులతో వెనుదిరిగాక బయటపడ్డాడు. తబరిస్తాన్ వెళ్ళి అక్కడి ప్రభువు షహర్యార్‌కు మహమూదును తిట్టిన పద్యాలు నూరు వినిపించాడు. ఆ ప్రభువు లోకం చూసినవాడు. పద్యానికి వెయ్యి దిర్హంల చొప్పున కొనుక్కుని, ఆ నూరూ కడిగి పారెయ్యమన్నాడు. చూశావా, పొగడ్తకు దొరకని ధర తిట్టుకు దొరికింది!

ఏళ్ళు గడిచాయి. మహమూదు హిందూస్థానం నుంచి తిరిగి వెళుతుంటే దారిలో ఒక కోటవాడు లొంగలేదు. వాడు లొంగకపోతే ఏం చేద్దామని అడిగితే, మంత్రి ఒక పద్యం అందుకున్నాడు. వీరం ఉట్టిపడుతున్న ఈ పద్యం ఎవరిదన్నాడు సుల్తాను. పాతికేళ్ళు కష్టపడి ఫలం దక్కని ఆ ముసలి ఫిరదౌసిదన్నాడు మంత్రి. మహమూదుకు మనసు కలుక్కుమంది. గజనీ చేరాక అరవై వేల దీనారాల విలువగల నీలిమందు సర్కారు ఒంటెల మీద తూస్‌కు పంపించాడు.

బంగారం పంపక నీలిమందేమిటంటావా? అప్పట్లో అదీ బంగారమే, ఏ ఊళ్ళోనైనా అమ్ముడుపోయే సరుకు. మన కడప, నెల్లూరు వైపు కూడా నీలి పండించి ఎగుమతి చేసిన రోజులున్నాయి. జర్మనీ వాళ్ళు 1897లో రంగును కార్ఖానాలో చేసి అమ్మడం మొదలెట్టాక ఆ సాగు మూలపడింది. మా తాతగారి నోట ఆ నీలి తొట్ల వాసన గురించి విన్నాను. ఊరవతల కట్టినా ఊళ్ళో ముక్కు మూసుకోవలసిందేనట. సరే, ఒంటెలు తూస్ చేరుతున్నాయి, మనమూ చేరదాం.

ఆలస్యం అమృతం విషం. ఒంటెలు రూద్‌బార్ వాకిలి గుండా ఊళ్ళోకి వస్తుంటే, రజాన్ వాకిలి గుండా ఫిరదౌసి శవం బయటికి పోతోంది. ఆయన మతం సరైంది కాదని ఒక ముల్లా శ్మశానంలో చోటివ్వనన్నాడు. సొంత తోటలోనే పూడ్చారు. ఎవరి కట్నం కోసం ఇదంతా మొదలైందో ఆ కూతురు, ఆ సొమ్ము నాకక్కర్లేదంది. ఆ డబ్బుతో మెర్వ్ నుంచి నిషాపూర్ పోయే దారిలో ఒక సత్రం బాగుచేయించారు.

వాకిళ్ళు రెండూ సరిగ్గా ఒకే క్షణాన కలిశాయా అని నన్నడగకు. కవులు చెప్పిన కవుల కథలు ఇవి, పైగా ఇంకో రాజుగారి చెవిలో వేసినవి. ఆలస్యం చెయ్యకండి మహాప్రభో అని నిజామీ తన దొరకు చెబుతున్న మాట ఆ శవయాత్రలో ఉందని నా అనుమానం. కానీ సమాధి మాత్రం నిజం. 1116 ప్రాంతంలో తాను తూస్ వెళ్ళి చూశానని ఆయనే రాశాడు.

నిజామీ కొలిచిన దొరలు ఘోర్ వాళ్ళు. గజనీ వాళ్ళకు పగవాళ్ళు. ఆ వంశంలో అలాఉద్దీన్ హుసేన్ అనేవాడు 1151 ప్రాంతంలో గజనీ మీద పడి ఊరంతా తగలబెట్టి, లోకాన్ని కాల్చినవాడని పేరు తెచ్చుకున్నాడు. మహమూదు కట్టించిన మేడలు కూల్చాడు, కొడుకూ మనవడూ కట్టించినవీ కూల్చాడు. ఆ రాజులను సుల్తాను అని పిలవడానికి కూడా ఊళ్ళో ఎవరికీ గుండె లేదు. అవతల అదే మనిషి, వాళ్ళను పొగిడిన పద్యాలను బంగారం పోసి కొనిపించి తన ఖజానాలో భద్రం చేయించాడు, తానుగా చదువుకునేది మాత్రం ఫిరదౌసి రాసిన ఆ రాజుల కథ, షానామా.